అనురాధపురంలో రెండు రాత్రులు ఉండకుండా శ్రీలంక చూశామనకండి

పోయిన సంచికలో అనురాధపురం లాంటి శ్రీలంక పాత రాజధానుల గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, ఉత్తరాలూ మెసేజ్‌లూ వచ్చి పడ్డాయి. అన్నిటికీ జవాబివ్వడం కుదరదు గానీ ఒకేలాంటివి కలిపేసి కొన్నిటికి రాస్తున్నా. బీచ్ రిసార్ట్‌ల గురించి, కేసినోల గురించి అడిగినవాళ్ళు ఏమీ అనుకోకండి, అది నా సబ్జెక్టు కాదు.

ప్రశ్న: మేడమ్, నేనూ మా ఆవిడా రిటైర్డ్ టీచర్లం, నేను సోషల్ చెప్పేవాణ్ణి. ఆరు రాత్రులు ఏడు రోజులు శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం, అమెరికా నుంచి అమ్మాయీ అల్లుడూ అక్కడికే వచ్చి కలుస్తామన్నారు. ఏజెంటు ఇచ్చిన ప్లాన్‌లో కొలంబో, బెంతోట, ఎల్లా, నువారా ఎలియా, కాండీ అన్నీ ఉన్నాయి, సిగిరియా ఒక పూట, అనురాధపురం అసలు లేదు. అడిగితే అక్కడ పాడుబడ్డ ఇటుకలే సార్ అన్నాడు. మాకేమో చరిత్రే కావాలి. ఏం చెయ్యమంటారు?
- గుంటూరు నుంచి ఒక మాస్టారు

జవాబు: మాస్టారూ, ఆ ఏజెంటుని మార్చండి, లేకపోతే ప్లాన్ అన్నా మార్చండి. పాడుబడ్డ ఇటుకలే అన్నాడు చూడండి, అందులో జేతవన స్తూపం ఒక్కదానికే దాదాపు 9.3 కోట్ల ఇటుకలు పట్టాయని లెక్క కట్టారు. మహాసేనుడనే రాజు మొదలుపెట్టింది, మూడో శతాబ్దం, కట్టినప్పుడు 122 మీటర్ల ఎత్తు, ఆ కాలంలో దానికన్నా ఎత్తైనవి ప్రపంచంలో ఈజిప్టు పిరమిడ్లు రెండే. ఇప్పుడు పైభాగం విరిగిపోయి 71 మీటర్లు మిగిలింది, అయినా దాని కింద నిలబడి తలెత్తితే మెడ పట్టేస్తుంది. పిల్లలకి పాఠం చెప్పిన మనిషి కదా మీరు, దాన్ని వదిలేసి బెంతోట ఇసకలో కూర్చోమంటే కూర్చుంటారా?

నా పద్ధతి ఏంటంటే చరిత్ర ఏ వరసలో జరిగిందో ఆ వరసలోనే తిరగడం. ముందు అనురాధపురం, తర్వాత సిగిరియా, ఆ తర్వాత పొలొన్నరువ, చివర్లో కాండీ. చాలామంది కాండీ నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తారు, సినిమా ఇంటర్వెల్ నుంచి చూసినట్టుంటుంది. ఇంకో సంగతి, ఎయిర్‌పోర్ట్ కొలంబోలో లేదు, ఊరికి ఉత్తరాన కటునాయకలో ఉంది, అందుకని కొలంబో ట్రాఫిక్‌లోకి అసలు పోకుండా దిగగానే కారెక్కి అటునుంచి అటే అనురాధపురం వెళ్ళిపోవచ్చు, నాలుగైదు గంటల దారి.

అక్కడ రెండు రాత్రులు ఉండండి. మొదటిరోజు సాయంత్రం రువన్‌వెలిసాయకి వెళ్ళండి, చుట్టూ గోడకి ఏనుగుల వరస ఉండే తెల్ల స్తూపం, దుట్టగామిణి కట్టించాడు. పని పూర్తికాకముందే రాజు మంచం పట్టాడట, తమ్ముడు దాని మీద తెల్లగుడ్డ కప్పించి ఇదిగో అయిపోయింది అన్నా అని చూపించాడట. సింహళుల పాత చరిత్ర గ్రంథం మహావంశం చెప్పే కథ ఇది. నిజమో కాదో గానీ సాయంత్రం దీపాల వేళ జనం తెల్లబట్టలతో చుట్టూ కూర్చుంటే ఈ కథ తెలిసినవాళ్ళకి ఆ తెలుపు వేరేగా కనిపిస్తుంది. పక్కనే శ్రీ మహాబోధి, బుద్ధగయ చెట్టు కొమ్మని అశోకుడి కూతురు సంఘమిత్ర తెచ్చిందని చెప్తారు, క్రీ.పూ. మూడో శతాబ్దం నుంచి ఇవాళ్టిదాకా దానికి సేవ ఆగలేదు. చెట్టు చూసి ఇంతేనా అనకండి, సన్నటి కొమ్మలు, బంగారు పూత ఊతకర్రలు, అంతే. ఆ అంతే కోసమే వెళ్ళాలి.

రెండోరోజు పొద్దున్నే అభయగిరి, పాత బౌద్ధ విహారం. ఐదో శతాబ్దం మొదట్లో చైనా భిక్షువు ఫాహియాన్ రెండేళ్ళు ఇక్కడున్నాడు. ఒకరోజు పచ్చరాతి బుద్ధుడి ముందు ఎవరో వర్తకుడు పెట్టిన తెల్ల పట్టు విసనకర్ర చూశాడు, తన దేశంలో చేసింది, అంతే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, తనే రాసుకున్నాడు ఆ మాట. మీ అమ్మాయికి చెప్పండి ఈ సంగతి, అమెరికాలో ఇండియన్ స్టోర్‌లో గోంగూర పచ్చడి సీసా చూసినప్పుడు ఎట్లా ఉంటుందో తనకి తెలుస్తుంది. ఎండ తగ్గాక మిహింతలే, అశోకుడి కొడుకు మహిందుడు ఇక్కడి దేవానాంపియ తిస్స రాజుని కలిసిన కొండ, 1840 మెట్లంటారు గానీ కారు సగం పైదాకా పోతుంది, మోకాళ్ళు భయపడక్కర్లేదు.

మూడోరోజు తిన్నగా సిగిరియాకి పోకుండా అవుకన మీదుగా వెళ్ళండి, 12 మీటర్ల నిలువు బుద్ధుడు, ఒకే రాయి. పక్కనే కలావెవ అని పెద్ద చెరువుంది, ధాతుసేనుడనే రాజు తవ్వించాడు. ఆ చెరువు గట్టు మీద ఐదు నిమిషాలు ఆగి కథ చెప్పుకోండి. కొడుకు కాశ్యపుడు తండ్రిని ఖైదు చేసి నీ నిధి ఎక్కడో చూపించమంటే, ముసలాయన ఈ చెరువు దగ్గరికి తీసుకొచ్చి దోసిట్లో నీళ్ళు తీసి నా ఆస్తంతా ఇదే అన్నాడట. కొడుక్కి ఒళ్ళు మండి చంపించేశాడు, ఆ తర్వాత ఇండియా పారిపోయిన తమ్ముడు మొగ్గల్లానుడు ఎప్పుడొచ్చి మీద పడతాడో అని భయపడి సిగిరియా బండ మీద కోట కట్టుకున్నాడు. 477 నుంచి 495 దాకా, పద్దెనిమిదేళ్ళు. చెరువు ముందు చూసి బండ తర్వాత చూస్తే ఆ కోట అందం కన్నా అందులోని భయమే ముందు కనపడుతుంది, నాకైతే అట్లాగే అనిపించింది.

సిగిరియా దగ్గర మూడు రాత్రులు ఒకేచోట రూం తీసుకోండి, రోజూ పెట్టె సర్దే పని ఉండదు. నాలుగోరోజు తెల్లారి బండెక్కడం, మధ్యాహ్నం పడుకోవడం. ఐదోరోజు పొలొన్నరువ వెళ్ళిరావడం, గంటన్నర దారి. ఆరోరోజు దంబుల్లా గుహలు చూసుకుని కాండీకి, సాయంత్రం బుద్ధుడి దంతం ఉంచిన గుడి దలదా మాలిగావలో ఆరున్నర పూజకి అందుకోవచ్చు. ఏడోరోజు ఎయిర్‌పోర్ట్‌కి. నువారా ఎలియా, ఎల్లా ఈసారికి వదిలేయండి, టీ తోటలు మనకి మున్నార్‌లోనూ ఉన్నాయి.

అన్నట్టు టికెట్లు. పాత ఊళ్ళన్నిటికీ విదేశీయులకి డాలర్లలో రేటు, సిగిరియాకి మనిషికి ముప్ఫై డాలర్ల పైనే. సార్క్ దేశాల పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి బాగా తగ్గిస్తారు, కానీ ఒరిజినల్ పాస్‌పోర్ట్ కౌంటర్లో చూపించాలి, హోటల్ లాకర్‌లో పెట్టి వచ్చామంటే వినరు. మీ అల్లుడి గారిది అమెరికా పాస్‌పోర్ట్ అయితే మాత్రం ఫుల్ టికెట్టే, ముందే చెప్పేయండి, అక్కడ మొహాలు చూసుకోవడం ఎందుకు.

ప్రశ్న: అక్కా, అమ్మకి 62, మోకాలి నొప్పి. సిగిరియా ఎక్కాలని ఆమెకే ఎక్కువ ఉంది. ఎక్కించొచ్చా? ఇన్‌స్టాలో పిడురంగల బెటర్ అంటున్నారు.
- హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, మెట్లు దాదాపు 1200, బండ చుట్టుపక్కల నేల కన్నా 180 మీటర్లు లేస్తుంది. అయితే పైదాకా పోతేనే చూసినట్టు అనేం లేదు. కింద నీటి తోటలు చదునుగా ఉంటాయి, పదిహేను వందల ఏళ్ళ కిందటి ఫౌంటెన్లు వానాకాలంలో ఇప్పటికీ చిమ్ముతాయి, అవి చూసి మ్యూజియంలో కూర్చోవచ్చు. అమ్మ ఓపిక పడితే సగం ఎత్తులో గుహలో రంగుల బొమ్మలు, వాటి కిందే అద్దం గోడ, అక్కడిదాకా మెల్లగా పోనివ్వు, ఆపైన పెద్ద సింహం బొమ్మ పాదాల దగ్గర్నుంచి ఇనప మెట్లు నిటారుగా ఉంటాయి, అక్కడ మాత్రం నువ్వొక్కడివే వెళ్ళు. దిగేటప్పుడే మోకాలికి ఎక్కువ దెబ్బ, అది మర్చిపోకు.

ఆ అద్దం గోడ దగ్గర కాసేపు ఆగు. ఒకప్పుడు మొహం కనపడేంత నునుపుగా ఉండేదట. బొమ్మల్లోని ఆడవాళ్ళని చూసి మనసు పారేసుకున్న యాత్రికులు వందల ఏళ్ళపాటు దాని మీద పద్యాలు గీకి పోయారు, సెనరత్ పరణవితాన అనే పండితుడు కూర్చుని 685 పద్యాలు చదివి 1956లో అచ్చు వేయించాడు. సింహళ కవిత్వంలో చాలా పాతవి మనకి దొరికింది ఇట్లా గోడగీతల్లోనే. ఇప్పుడు నువ్వెళ్ళి పేరు గీస్తే మాత్రం పోలీసులు తీసుకుపోతారు. బొమ్మల దగ్గర ఫోటో కూడా తియ్యనివ్వరు.

పిడురంగల వేరే విషయం. అది పక్కనే ఉన్న ఇంకో బండ, సిగిరియా బండని ఎదురుగా చూడ్డానికి బావుంటుంది, టికెట్ కూడా చవక, కానీ చివర్లో రాళ్ళ మధ్య చేతులు పట్టుకుని పాకాలి. అమ్మతో అస్సలు వద్దు. ఏ బండైనా తెల్లారి గేటు తెరవగానే మొదలుపెట్టాలి, పది దాటితే రాయి పెనం అయిపోతుంది. కందిరీగలు ఉంటాయి జాగ్రత్త అని బోర్డులు పెట్టారు, అది ఊరికే పెట్టింది కాదు, అక్కడ గట్టిగా అరుపులు, సెంటు రెండూ వద్దు.

ప్రశ్న: శ్రీలంక అంటే తమిళులు సింహళీయులు అనే వింటాం. మన తెలుగువాళ్ళకి అక్కడి చరిత్రతో ఏమైనా సంబంధం ఉందా, లేక మనం లాగి అతికించుకోవడమేనా?
- విజయవాడ పాఠకుడు

జవాబు: లాగి అతికించక్కర్లేదండీ, చాలానే ఉంది, మనమే పట్టించుకోలేదు.

అనురాధపురం తవ్వకాల్లో మన అమరావతి శైలి శిల్పాలు, పల్నాడు సున్నపురాయివి, దొరికాయి. ఇటునుంచి అటే కాదు, అటునుంచి ఇటు కూడా. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలో సింహళ విహారం ఉండేది, సింహళ భిక్షువుల కోసం బోధిసిరి అనే ఉపాసిక కట్టించిన వాటి గురించి శాసనం ఉంది. గుడి గడప ముందు అరచందమామ ఆకారంలో రాయి పరుస్తారు కదా అక్కడ, సందకడ పహన అంటారు, చంద్రశిల అన్నమాట, అనురాధపురంలో దాని మీద ఏనుగులు గుర్రాలు హంసలు వరసగా చెక్కి ఉంటాయి, ఎక్కడ పడితే అక్కడ చెప్పుల్తో తొక్కేస్తుంటారు మనవాళ్ళు, తొక్కకుండా కూర్చుని చూడండి.

పొలొన్నరువలో ఇంకా తమాషా. 993 ప్రాంతంలో చోళులు అనురాధపురం కొట్టేసి పొలొన్నరువని లంకలో తమ రాజధాని చేసుకున్నారు, వాళ్ళు కట్టిన రాతి శివాలయం ఇప్పటికీ ఉంది. 1070లో సింహళ రాజు విజయబాహు వాళ్ళని తరిమేశాడు. అదే 1070లో ఇటు తమిళదేశంలో చోళ సింహాసనం మీద గొడవ, ఆ గొడవలో గద్దెక్కింది ఎవరనుకున్నారు, కులోత్తుంగుడు, అంటే మన రాజమహేంద్రవరం రాజరాజనరేంద్రుడి కొడుకు! నన్నయ్యతో భారతం మొదలుపెట్టించిన రాజుగారి అబ్బాయి తంజావూరు వైపు సర్దుకుంటుంటే ఆ సందులో లంక చేజారింది. నేను పొలొన్నరువలో ఆ శివాలయం మెట్ల మీద కూర్చుని ఇది తల్చుకుని నవ్వుకున్నా, డ్రైవర్ నాకేదో అయిందనుకున్నాడు.

అక్కడే గల్ పొత అని రాతి పుస్తకం ఉంది, పాతిక టన్నుల రాయి, అక్కడి రాజు నిశ్శంకమల్లుడు తన గొప్పలన్నీ తనే రాయించుకున్నాడు. ఆ రాయిని మిహింతలే నుంచి లాక్కొచ్చారని కూడా దాని మీదే ఉంది. తను కళింగలో సింహపురం వాణ్ణని చెప్పుకున్నాడు, అది మన శ్రీకాకుళం దగ్గర సింగుపురమే అని కొందరు చరిత్రకారులంటారు, అందరూ ఒప్పుకోరు, శ్రీకాకుళం వాళ్ళు మాత్రం ఒప్పుకోవచ్చు.

ఇక కాండీ. 1739లో రాజు పిల్లల్లేకుండా పోతే మధురై నుంచి వచ్చిన రాణిగారి తమ్ముడు గద్దెక్కాడు. నాయక్కర్ వంశం, మూలం తెలుగు నాయకులు. వాళ్ళింట్లో శైవం, బయట బౌద్ధానికి కాపలా. రెండో రాజు కీర్తిశ్రీ రాజసింహ సయాం, అంటే ఇప్పటి థాయిలాండ్ నుంచి భిక్షువుల్ని పిలిపించి 1753లో ఆగిపోయిన దీక్షా సంప్రదాయాన్ని మళ్ళీ నిలబెట్టాడు, దంబుల్లా గుహల్లో ఇవాళ మనం చూసే రంగుల్లో చాలా భాగం ఆయన కాలంలో వేయించినవే. గుహలు క్రీ.పూ. ఒకటో శతాబ్దానివి, రంగులు 18వ శతాబ్దానివి, గైడు రెండూ కలిపి రెండువేల ఏళ్ళ పెయింటింగ్ అంటే నమ్మకండి. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ కాండీ చెరువు తవ్వించాడు, 1815లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని వేలూరు పంపించేశారు, అక్కడే 1832లో పోయాడు.

అనురాధపురం జిల్లాలోనే తంబుత్తేగమ దగ్గర కుడాగమ అని ఊరుంది, పాములాడించే అహికుంటక వాళ్ళది, ఇంట్లో మాట్లాడేది ఒక రకం తెలుగు. ఈ మాట చెప్పగానే మా ఫ్రెండ్ ఒకావిడ కారు అటు తిప్పమంది, వీడియో తియ్యడానికి. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. వాళ్ళు ఎగ్జిబిషన్ కాదు కదా. దారిలో కలిస్తే బావున్నారా అని పలకరించండి చాలు.

ప్రశ్న: రామాయణం చూపించే టూర్ తీసుకోమంటున్నారు మా అత్తగారు. మావారికి బౌద్ధ కట్టడాలు కావాలి. ఇద్దరికీ నచ్చేట్టు వారంలో కుదురుతుందా?
- అనంతపురం నుంచి ఒక చెల్లి

జవాబు: సీతమ్మని ఉంచారని చెప్పే సీతా ఎలియ గుడి నువారా ఎలియా దగ్గర కొండల్లో ఉంది, పాత రాజధానులు ఉత్తరాన మైదానంలో, రెండూ కలిపితే రోజుకి ఐదారు గంటలు కార్లోనే అయిపోతుంది, అత్తగారికి నడుం నొప్పి, మీవారికి కోపం, మధ్యలో నువ్వు. నా సలహా ఏంటంటే అత్తగారికి త్రికోణమలై కోణేశ్వరం చూపించు. రావణుడు కొలిచిన శివుడని చెప్తారు, సముద్రం మీదికి వాలిన కొండ కొమ్మున గుడి, సిగిరియా నుంచి సుమారు వంద కిలోమీటర్లు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు. పాత గుడిని 1620ల్లో పోర్చుగీసువాళ్ళు పడగొట్టి ఆ రాళ్ళతో కోట కట్టుకున్నారు, కాబట్టి మీవారికి కావాల్సిన చరిత్ర కూడా అందులో ఉంది. ఇదిగో ఇక్కడే రావణుడి విమానం దిగింది అని గైడు చూపిస్తే మాత్రం ఇద్దరూ వాదన పెట్టుకోకండి, అత్తగారు దణ్ణం పెట్టుకుంటారు, మీవారు ఫోటో తీసుకుంటారు, సరిపోతుంది.

ప్రశ్న: మేము ప్యూర్ వెజ్. పస్తులుండాలా?
- రాజమండ్రి

జవాబు: అక్కర్లేదు. అన్నం, పప్పు, నాలుగు కూరలు ప్రతి చోటా దొరుకుతాయి, పప్పులో కొబ్బరిపాలు పోస్తారు, బావుంటుంది. పొద్దున ఇడియాప్పం, అప్పం. చిక్కంతా కొబ్బరి పచ్చడితో, పోల్ సంబోల్ అంటారు, చూడ్డానికి మన కొబ్బరికారం లాగే ఉంటుంది గానీ చాలాచోట్ల అందులో ఎండుచేప పొడి కలుపుతారు, దాని పేరు ఉంబలకడ. వెజ్ అంటే వాళ్ళ లెక్కలో మాంసం లేకపోవడమే, చేప పొడి లెక్కలోకి రాదు. అందుకని మాలు ఎపా, ఉంబలకడ ఎపా అని చెప్పండి, చేప వద్దు చేపపొడి వద్దు అని. దాహానికి తంబిలి, నారింజ రంగు కొబ్బరిబోండాం.

ప్రశ్న: ఏ నెలలో వెళ్ళాలి? డ్రెస్ విషయంలో ఏమైనా రూల్స్ ఉన్నాయా? వీసా?
- చాలామంది అడిగారు

జవాబు: జనవరి చివర్నుంచి ఏప్రిల్ దాకా బావుంటుంది. మే నుంచి సెప్టెంబర్ వరకు కొలంబో, గాలె వైపు వానలు పడతాయి గానీ పాత రాజధానుల వైపు పొడిగానే ఉంటుంది, ఎండ మాత్రం మన రెంటచింతలకి చుట్టం. అక్టోబర్ నుంచి డిసెంబర్ చివరిదాకా అటువైపు వానలు. ప్రతి పౌర్ణమీ అక్కడ సెలవు, పోయ అంటారు, ఆ రోజు మందు అమ్మరు, గుళ్ళు కిటకిటలాడతాయి. జూన్‌లో, లంకకి బౌద్ధం వచ్చిన రోజుగా జరుపుకునే పొసోన్ పౌర్ణమికి అనురాధపురంలో రూములు దొరకడం చాలా కష్టం, కానీ ఆ జనాన్ని చూడాలనుకుంటే అదే రోజు.

భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు, తెల్లవైతే మంచిది. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోకూడదు, చాలా సీరియస్‌గా తీసుకుంటారు. చెప్పులూ టోపీ తీసెయ్యాలి. ఇక్కడే నేను బుక్కయ్యాను, మొదటిసారి పొలొన్నరువ మిట్టమధ్యాహ్నం వెళ్ళి వటదాగె అనే గుండ్రటి స్తూప మందిరం రాళ్ళ మీద ఉత్తికాళ్ళతో గంతులేశా, గల్ విహార దగ్గర 14 మీటర్ల పడుకున్న బుద్ధుడు అంత ప్రశాంతంగా ఉంటే నేను చెట్టు నీడ కోసం పరుగు. పాత సాక్సులు రెండు జతలు బ్యాగులో పడేసుకోండి, సాక్సులకి ఏమీ అనరు. పొలొన్నరువలో అద్దె సైకిళ్ళు దొరుకుతాయి, కాళ్ళలో ఓపికున్నవాళ్ళు అవి తీసుకోండి.

వీసా రూల్సు, ఫీజులు తరచూ మారుతున్నాయి, టికెట్ కొనేముందు శ్రీలంక ప్రభుత్వ ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) సైట్‌లోనే చూసుకోండి, అలాంటి పేర్లతోనే ఎక్కువ వసూలు చేసే ప్రైవేటు సైట్లు ఉన్నాయి. ఫ్లైట్ హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఉంది, చెన్నై నుంచి ఇంకా ఎక్కువ. టైం మనదే, వాచీ తిప్పక్కర్లేదు.

ప్రశ్న: అంత డబ్బు మా దగ్గర లేదండీ. ఇవన్నీ చదివితే ఆశ పుడుతోంది. ఇక్కడే ఏమన్నా చూసే దారుందా?
- చిత్తూరు జిల్లా నుంచి, డిగ్రీ చదివే అమ్మాయి

జవాబు: ఉందమ్మా. మీ ఊరి పక్కనే వేలూరు, బస్సెక్కితే గంటన్నర. కోట చూసుకో, కాండీ చివరి రాజుని తెచ్చి పెట్టింది అక్కడే. పాలారు ఒడ్డున ముత్తు మండపం అని ఉంది, ఆయన సమాధి అక్కడే, పెద్దగా జనం ఉండరు. తర్వాత ఎప్పుడైనా సెలవుల్లో నాగార్జునకొండ, డ్యాం నీళ్ళలో మునిగిపోతుందని 1954 నుంచి ఆరేళ్ళు తవ్వి తీసిన కట్టడాల్లో కొన్నిటిని ద్వీపం మీదా అనుపు దగ్గరా మళ్ళీ పేర్చారు. లాంచీ టైం ముందు రోజే ఫోన్ చేసి కనుక్కో, నీళ్ళని బట్టీ గాలిని బట్టీ మారుస్తుంటారు, నేను రెండుసార్లు ఒడ్డు మీద నిలబడి వెనక్కొచ్చా.